సాయంత్రం దాకా ఉండే సుఖం

మా ఇంట్లో ఇద్దరికి ఒకటే పిలుపు. నాన్న పెరట్లో నిలబడి "అమ్మడూ" అంటే వంటింట్లో నేను తల తిప్పేదాన్ని, రేకుల పంచలో గుర్రమూ తల తిప్పేది. అది ఆడగుర్రం. బెల్లం రంగు, నుదుట అరచేయంత తెల్ల మచ్చ. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది, తోబుట్టువులు లేరు, ఆ పిలుపులో వాటాకి వచ్చింది అదొక్కటే. "ఎవర్ని పిలిచావు నాన్నా?" అంటే "ఎవరు ముందొస్తే వాళ్ళనే" అనేవాడు. ఆ మాటకి నేను నవ్వుకున్న రోజులు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది విజయవాడ పటమట. నాన్నది జట్కా. ఆదివారం మాత్రం బండి కట్టేవాడు కాదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా పేట చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరుసల మధ్య తిరిగేవాడు. నాన్న మాట అంటే ఆ పేటలో విలువ ఉండేది. ఆడపిల్లల్ని స్కూలుకి పంపాలంటే వేరే బండి ఎక్కించేవాళ్ళు కాదు. ఆయనకి చదువు రాదు. ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా నేను చదివి వినిపించాల్సిందే, పాటల పుస్తకంలో పాటలన్నీ మాత్రం చూడకుండా పాడేవాడు.

నేను నర్సు ట్రైనింగ్ అయ్యాక ఒక ప్రైవేటు డాక్టరు గారి దగ్గర చేరాను. డెబ్బయ్యో దశకం సగం దాటింది. ఆ డాక్టరు గారు అంతకు రెండేళ్ళ ముందు ఎక్కడికో వెళ్ళి చైనా సూదుల వైద్యం నేర్చుకుని వచ్చారు. గోడకి మనిషి బొమ్మ ఒకటి తగిలించారు, ఒళ్ళంతా చుక్కలు, గీతలు. వచ్చిన రోగులు ఆ బొమ్మను చూసి సగం మంది మెట్ల మీదనుంచే వెనక్కి పోయేవాళ్ళు. మిగిలిన సగం మంది మోకాళ్ళ నొప్పులకీ నడుం నొప్పులకీ అన్ని మందులూ అయిపోయి, ఇంకేమైతే అదే అయిందని వచ్చినవాళ్ళు. సూదులు మరగబెట్టడం, అందించడం, పావుగంట తర్వాత ఒక్కటీ మర్చిపోకుండా లెక్క చూసి తియ్యడం నా పని. ఏడాది తిరిగేసరికి డాక్టరు గారు ఊళ్ళో లేని రోజున తెలిసిన రోగులకి నేనే వేసేదాన్ని.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో మా గుర్రం కుంటడం మొదలుపెట్టింది. కుడి ముంగాలు. మోకాలి కింద వెనకవైపు వాచి, చెయ్యి వేస్తే కాలిపోతోంది. పశువుల ఆసుపత్రి డాక్టరు గారు వచ్చి నొక్కి చూసి, నరం సాగింది, తెగలేదు అదృష్టం, రెండు నెలలు బండి కట్టకుండా ఉంచండి, లేదంటే ఈ కాలు ఇక పనికిరాదు అని చెప్పి వెళ్ళారు. గుర్రానికి కాలు పనికిరాకపోవడం అంటే ఏమిటో జట్కావాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

లాడాలు కొట్టే సాయిబు గారు వచ్చి ఇంకోమాట చెప్పారు. "వాతలు పెట్టిద్దాం. కాలు చుట్టూ నాలుగు గీతలు కాల్చి లాగితే నరం బిగుసుకుపోద్ది. మా తాతల్నించీ చేస్తున్నదే కదా." నాన్న తల ఊపాడు. నేను అడ్డం పడ్డాను. అదివరకు ఒక గుర్రానికి వాతలు పెడుతుంటే చూశాను. ఆ వాసన చాలా రోజులు నా ముక్కులోనుంచి పోలేదు.

"మనుషులకి సూదులేసి నొప్పులు తగ్గిస్తున్నాంగా, దీనికీ వేయిస్తాను" అన్నాను.

"గుర్రానికా?" అన్నాడు నాన్న. సాయిబు గారు మర్యాదస్తుడు, నవ్వకుండా అటు తిరిగారు.

మర్నాడు క్లినిక్కులో మా డాక్టరు గారిని అడిగితే ఆయన నవ్వారు. "మనుషుల్నే నమ్మించలేక చస్తున్నాం సిస్టర్, గుర్రాన్నెలా నమ్మిస్తాం?"

"దాన్ని నమ్మించక్కర్లేదండీ. దానికి బాగుంటే నిలబడుద్ది, బాగోకపోతే తంతది" అన్నాను.

ఆ జవాబు ఆయనకి నచ్చినట్టుంది. బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తీశారు. మొత్తం చైనా అక్షరాలు. ఒక్క ముక్క మాకిద్దరికీ రాదు. కానీ వెనకవైపు ఒక పేజీలో గుర్రం బొమ్మ ఉంది, భుజం మీద, మోకాలి పక్కన, గిట్టకి పైన చుక్కలతో. వాళ్ళ దేశంలో గుర్రాలకి ఈ వైద్యం ఎప్పట్నుంచో ఉందట. ఆ పేజీ మీద పల్చటి కాయితం పెట్టి పెన్సిలుతో బొమ్మ దించుకున్నాను. చుక్కలు తప్పు పడకూడదని మూడుసార్లు సరిచూశాను.

ఆదివారం చర్చి అయ్యాక డాక్టరు గారు స్కూటరు మీద మా ఇంటికి వచ్చారు. మనుషుల సూదులు పనికిరావని దబ్బనమంత పొడుగువి తెచ్చారు. పేటలో పిల్లలంతా గోడెక్కారు. నాన్న కళ్ళెం పట్టుకుంటానన్నాడు గానీ సూదుల పొడుగు చూసి వెనక్కి తగ్గాడు. అందుకని నేనే పట్టుకున్నాను. దాని ఎడమ పక్కన నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, నుదుటి మచ్చ మీద నా గెడ్డం ఆనించి ఉంచాను. మొదటి సూది భుజంలో దిగగానే ఈగ వాలినట్టు తోలు జలదరించింది. రెండోది దిగితే చెవులు వెనక్కి పెట్టింది. మూడోదానికి ఏమీ అనలేదు. అయిదోది గిట్టకి పైన. తన్నుతుందేమోనని అందరం ఊపిరి బిగబట్టాం. తన్నలేదు.

పది నిమిషాలు కాకుండానే దాని తల మెల్లమెల్లగా దిగడం మొదలుపెట్టింది. కింది పెదవి వేలాడింది. కళ్ళు మూతలు పడ్డాయి. అంత బరువు తలా తెచ్చి నా గుండెల మీద పెట్టేసింది. మేకు కొట్టినట్టు నిలబడిపోయాను నేను. ఆ తర్వాత నా పెళ్ళి అయింది, పిల్లలు పుట్టారు, ఆసుపత్రుల్లో ఎందరో నా చేతుల్లో నొప్పి తగ్గి నిద్రపోయారు. అంతగా నన్ను నమ్మి ఎవరూ తల పెట్టలేదు.

సూదులు తీశాక నాన్న దాన్ని పెరడంతా ఒకసారి నడిపించాడు. కుంటలేదు. గోడ మీది పిల్లలు చప్పట్లు కొట్టారు. డాక్టరు గారు మాత్రం నాన్నని పక్కకి పిలిచి కూర్చోబెట్టి చెప్పారు. "చూడండి, నొప్పి పోయింది గానీ దెబ్బ పోలేదు. లోపల నరం అతకాలంటే రెండు నెలలు పడుతుంది. ఈ సూదులు అప్పటిదాకా దాన్ని సుఖంగా ఉంచడానికే. నొప్పి లేదు కదా అని కట్టారో, కాలు విరగ్గొట్టుకుంటుంది." ఆ తర్వాత నాకు చెప్పారు, రోజు విడిచి రోజు వెయ్యమని, వేస్తే సాయంత్రమే వెయ్యమని. పొద్దున వేస్తే హుషారొచ్చి తిరిగి కాలు పాడుచేసుకుంటుంది, సాయంత్రమైతే అలాగే పడి నిద్రపోతుందని.

ఆ వారంలో ఒకనాడు నేను సూదులు మరగబెడుతుంటే నాన్న వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మడూ, ఒకసారేస్తే ఎంతసేపుంటదమ్మా దానికా సుఖం?"

"పొద్దున వేస్తే సాయంత్రం దాకా ఉంటుంది నాన్నా."

"పరిగెత్తినా ఉంటదా?"

"ఉంటుంది. అదే కదా భయం."

నాన్న లేచి వెళ్ళి గుర్రం మెడ నిమిరాడు. మా నాన్నకి ఎంత ప్రేమో అనుకున్నాను. ఆ రాత్రి ప్రార్థనలో ఆయన కోసం ప్రత్యేకంగా రెండు మాటలు కలిపాను కూడా.

నెల గడిచింది. వాపు తగ్గింది, వేడి తగ్గింది. నేను రోజు విడిచి రోజు సాయంత్రం క్లినిక్కునించి వచ్చి, చీర మార్చుకుని, ఎడమ పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసేదాన్ని. అంతే, అది తనంతట తాను కుడికాలు ముందుకి చాపి తల దించేది. సూది పడకముందే కళ్ళు మూసేది. నా చెయ్యే దానికి మందు అయిపోయింది. మిగతా నెల గడిస్తే చాలని కేలెండరు మీద రోజులు కొట్టేసుకుంటున్నాను.

ఒక శనివారం పొద్దున నేను క్లినిక్కుకి బయలుదేరుతుంటే నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నిన్న రాత్రంతా నిలబళ్ళేకపోయింది అమ్మడూ. పాపం మూలిగింది. ఇవ్వాళ ఒక్కపూట పొద్దున్నే వేసి పోకూడదా?"

డాక్టరు గారు వద్దన్నారని గుర్తుంది. కానీ మూలిగిందన్నాక ఏ నర్సు చేతులు కట్టుకు కూర్చుంటుంది? చీర కుచ్చెళ్ళు ఎగదోపి వేశాను. దాని కాలు పట్టి చూస్తే కొత్తగా వాపేమీ లేదు. ఆ మాట కూడా నాన్నతో అన్నాను. "రాత్రి వాచింది, తెల్లారేసరికి లాగేసింది" అన్నాడు. నమ్మాను. కానుకల సంచి పట్టే మనిషిని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మాలి?

సాయంత్రం వచ్చేసరికి రేకుల పంచ ఖాళీ. ఉలవల తొట్టి బోర్లించి ఉంది.

"పామర్రు నించి ఒకాయనొచ్చి అడిగితే ఇచ్చేశా" అన్నాడు నాన్న, మంచం మీద అటు తిరిగి. "రిక్షాలొచ్చినయ్, ఆటోలొచ్చినయ్, ఇంకెవడెక్కుతాడు జట్కా? రెండు నెలలు కూచోబెట్టి మేపడం నా వల్ల కాదు. ఆయనకంతా చెప్పే ఇచ్చాను. పొలం ఉంది, గడ్డి ఉంది, నెల రోజులు వదిలేస్తానన్నాడు. మనకంటే బాగా చూసుకుంటాడు."

ఏడ్చాను, అరిచాను, ఆ పూట అన్నం తినలేదు. నాతో ఒక్క మాట చెప్పకుండా అమ్మినందుకు కోపం. కానీ అంతా చెప్పే ఇచ్చానన్న మాట మీద నాకు అనుమానం రాలేదు. పొద్దున వేసిన సూదులు కూడా దారిలో నొప్పి లేకుండా నడవడానికి వేయించాడనుకుని, నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మోసపోయేవాళ్ళకి సగం పని తామే చేసిపెట్టే తెలివి ఉంటుంది.

మూడు వారాల తర్వాత ఒక కార్డు వచ్చింది. నాన్న అప్పుడే భోజనం చేసి వసారాలో కూర్చున్నాడు. ఎవరు రాశారో చూడకుండానే ఎప్పటిలాగే గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

"అయ్యా, నమస్కారములు. ఉభయకుశలోపరి. మీవద్ద కొన్న గుర్రము వచ్చిన నాలుగో రోజునుంచే కుంటుచున్నది. ఎన్నడూ కుంటి ఎరగదని మీరు చెప్పియుంటిరి. ఒకవేళ కుంటినయెడల మా అమ్మాయి నర్సు, వచ్చి సూదులు వేసి వెంటనే నడిపించునని కూడ మీరు మాట ఇచ్చియున్నారు. కావున తమ అమ్మాయిగారిని వెంటనే పంపగలరు. కోతల రోజులు, బండి ఆగిపోయినది."

చదవడం అయిపోయాకే నాకు అర్థమైంది నేనేం చదివానో. తల ఎత్తి చూస్తే నాన్న కార్డు వైపు చూస్తున్నాడు, నా వైపు కాదు.

"ఎన్నడూ కుంటలేదన్నావా?"

నాన్న కార్డు కోసం చెయ్యి చాపాడు. నేనివ్వలేదు.

"ఆ శుక్రవారం రాత్రి అది మూలిగిందా నాన్నా? నిజంగా మూలిగిందా?"

"అయిపోయిన సంగతి ఎందుకమ్మడూ ఇప్పుడు" అన్నాడు.

ఎంతసేపుంటదమ్మా ఆ సుఖం అని నా పక్కన కూర్చుని అడిగిన మాట అప్పుడు నా చెవిలో మళ్ళీ వినిపించింది. అది ప్రేమ కాదు. బేరం చూసుకునేవాడి ప్రశ్న. పరిగెత్తినా ఉంటదా అన్నాడే, అప్పటికే కొనేవాడు పరిగెత్తించి చూస్తాడని లెక్క వేసుకున్నాడు. నా చేతులతో గుర్రాన్ని ఒక పూట బాగు చేయించి, ఆ చేతుల్నే పూచీ పెట్టి అమ్మాడు. నన్ను అడిగి ఉంటే ఒప్పుకోనని తెలుసు గనక అడగలేదు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఏటా సమాధికి సున్నం వేయిస్తాను, పూలు పెడతాను. కోపం మాత్రం అలాగే ఉంది, దాచుకోను.

మర్నాడు సెలవు పెట్టి, సూదుల డబ్బా హేండ్‌బ్యాగులో పెట్టుకుని బందరు బస్సెక్కాను. పామర్రులో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. రోడ్డుకి రెండు వైపులా కోసిన చేలు, పనల మీద కొంగలు. కొన్నాయన్ని వెతుక్కోనక్కర్లేకపోయింది. పామర్రు నుంచి కూచిపూడికి జనాన్ని తోలే జట్కా ఆయనది, బస్టాండు పక్కనే ఇల్లు. నన్ను చూడగానే ఎదురొచ్చాడు.

"వచ్చారా అమ్మాయి గారూ! మీ నాన్నగారు మాట మీద నిలబడే మనిషని అనుకుంటానే ఉన్నానండి."

ఆయన ముఖంలో వెటకారం లేదు. నిజంగానే అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొన్న రోజు సంగతి ఆయనే చెప్పుకొచ్చాడు. ఒంటి మీద సుడులు చూశాడట, పళ్ళు చూశాడట, పటమట కంకర రోడ్డు మీద ఇటూ అటూ మూడుసార్లు పరిగెత్తించి చూశాడట. "అడుగు తప్పలేదండి. గడియారం కొట్టినట్టు నడిచింది. ఏంటండీ ఇలా జరిగింది?"

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పేశాను. నరం సంగతి, రెండు నెలల సంగతి, ఆ పొద్దున నేను వేసిన సూదుల సంగతి. ఆయన విని కిందకి కూలబడి తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. తిట్టలేదు.

"తిరిగి తోలుకొచ్చేస్తాను, పుచ్చుకుంటారా?" అని అడిగాడు.

నాన్న అప్పటికే ఆ డబ్బుతో ఒక రిక్షా తీసుకుని అద్దెకి తిప్పుతున్నాడు. తిరిగి పుచ్చుకునే శక్తి నాకు లేదు, ఉద్దేశం నాన్నకి లేదు. అదే చెప్పాను.

"అయితే సూదులే వెయ్యండమ్మా. ఈ కోతల్రోజులు గడిస్తే చాలు. తర్వాత చూసుకుంటాను."

"వేస్తే ఇవాళ నడుస్తుందండి. మీరు కడతారు, ఆరుగురెక్కుతారు. నొప్పి తెలియక పరిగెడుతుంది. నాలుగు రోజుల్లో ఆ నరం తెగిపోతుంది. కట్టనని మాటివ్వండి, ఇప్పుడే వేస్తాను."

అబద్ధం ఆడటానికి ఆయనకి ఏ అడ్డూ లేదు. నేను నమ్మేదాన్ని కూడా.

"కట్టనని ఎలా చెప్పనండి? నడిచే గుర్రాన్ని పెట్టుకుని ఇంట్లో పిల్లల్ని పస్తు పెడతానా? నడవకపోతే అది వేరే సంగతి. కుంటే గుర్రం బండి ఎవరూ ఎక్కరు గదా, కట్టనే కట్టను" అన్నాడు.

ఆ మాటతో నాకు తేలిపోయింది. కుంటడం ఒక్కటే దానికి ఇప్పుడు దొరికే సెలవు. ఆ సెలవు తీసెయ్యగలిగింది లోకంలో నేనొక్కదాన్నే.

చూసి వెళ్తానని దొడ్లోకి వెళ్ళాను. చింతచెట్టు నీడలో కట్టేసి ఉంది. చిక్కిపోయింది. కుడికాలు నేలకి ఆనించకుండా గిట్ట కొన మీద నిలబెట్టుకుని ఉంది, వాపు మొదటికంటే ఎక్కువైంది. నా అడుగుల చప్పుడుకే చెవులు నిక్కబొడిచి గొంతులో సన్నగా సకిలించింది. వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళాను. అలవాటు చొప్పున ఎడమ పక్కకే వెళ్ళాను, అలవాటు చొప్పున భుజం మీద చెయ్యి వేశాను.

అది కుడికాలు నొప్పి మీదనే ముందుకి చాపింది. తల దించి నా గుండెల మీద పెట్టింది. కింది పెదవి వేలాడింది, కళ్ళు మూసుకుంది. ఇక సూది పడుతుందని కదలకుండా నిలబడింది. నా బ్యాగులో, దాని ముక్కుకి జానెడు దూరంలో, డబ్బా ఉంది.

ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. "అమ్మడూ" అన్నాను ఒకసారి. కళ్ళు తెరవలేదు. అంతసేపు ఆలస్యం ఎప్పుడూ కాలేదని దానికి తెలిసే ఉండాలి, అయినా ఓపిగ్గా నిలబడింది. దాని తల కింద నుంచి మెల్లగా పక్కకి జరిగాను. దొడ్డి తడిక దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. కాలు అలాగే చాపి, తల అలాగే దించి, కళ్ళు మూసుకునే ఉంది. నేను వెళ్ళిపోయానని దానికి ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు.